వెనక ఎడమ చక్రం

టైర్ల లారీ తలుపు తెరిచిన టైరమ్మ మెట్టు మీదే నిలబడిపోయింది. కిందటి భాగంలో అక్కడే కదా మనం ఆమెను వదిలేసి వచ్చాం. లోపల హీటరు ఆగిపోయి ఉంది. దానంతటది ఆగలేదు. ఎవరో ప్లగ్గు పీకి, వైరును చక్కగా చుట్టి మరీ పక్కన పెట్టారు. గోడకున్న థర్మామీటరులో ముల్లు సున్నా దాటి కిందికి దిగిపోయింది. బయట కొండ గాలికి రేసు ట్రాక్ పక్కనున్న జెండాలు కూడా బిర్రబిగుసుకుపోయాయి.

రేసు మధ్యాహ్నమే.

పోయిన రేసుకి ముందు బండిని పరీక్షగా నడుపుతుంటే బ్రేకు గొట్టం తెగి ఆమె భర్త కాలు విరిగింది. ఇప్పటికీ ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. ఆ గొట్టం తెగలేదనీ, ఎవరో కోశారనీ తర్వాత తేలింది. ఆ చెయ్యి ఎవరిదో ఇంకా దొరకలేదు. ఈసారి ఆ చెయ్యి టైర్ల దాకా వచ్చిందని ఆమెకు అనిపించింది. పైగా ఈ టైర్ల మీద కూర్చుని కొండ దిగాల్సింది ఆమె మరిది.

"ఎవరూ లోపలికి రావద్దు," అంది టైరమ్మ వెనక్కి తిరగకుండానే. "ఒక్క టైరు కూడా కదపొద్దు. వేలు కూడా పెట్టొద్దు."

ఆమె గొంతులో కంగారు లేదు. టైర్ల విషయంలో ఆమె కంగారుపడగా ఎవరూ చూడలేదు. ఆ పేరు ఊరికే రాలేదు. పోటీ జట్ల వాళ్లు వెటకారంగా పెట్టిన పేరది. ఇప్పుడు వాళ్లే తమ టైర్లు తెచ్చి, "ఒక్కసారి చూడవా టైరమ్మా," అని బతిమాలుతుంటారు.

"గడ్డకట్టాయా?" వెనక నుంచి అత్తగారు అడిగింది.

"రాళ్లయిపోయాయి అత్తయ్యా."

అత్తగారే ఈ జట్టుకి యజమాని. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకుని, ఎప్పుడూ జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగే మనిషి. ఒకప్పుడు ఇదే ట్రాక్ మీద రేసు కారు నడిపింది. జట్టులో రెండో డ్రైవరు పేరు ఖాళీగా వదలకూడదని నిబంధన. ఆ చోట ప్రతిసారీ తన పేరే రాయిస్తుంది. ఏటా లైసెన్సు కొత్తది చేయించుకుంటుంది. కుర్ర డ్రైవర్లు దానికి చాటుగా నవ్వుకుంటారు. ఎదురుగా నవ్వే గుండె ఇంకా ఎవరికీ రాలేదు.

"అయితే మించిపోయిందేం లేదు వదినా," అన్నాడు మరిది, ఆవలిస్తూ. చిన్నప్పటి నుంచి అందరికీ అతను తూనీగే. "కరెంటు దుప్పట్లు ఉన్నాయిగా. టైర్లకి చుట్టేసి ఫుల్లుగా పెడితే ఇట్టే కాగిపోతాయి."

"చలికి బిగుసుకుపోయిన మనిషిని సలసల కాగే నీళ్లలో ముంచుతావా?"

"మనిషి వేరు, టైరు వేరు కదా."

"నిజమే. మనిషి అయితే కనీసం అరుస్తాడు."

రేసు టైరు మామూలు బండి టైరు లాంటిది కాదు. దాని రబ్బరు మెత్తగా, వేలికి అంటుకునేంత జిగటగా ఉంటుంది. రోడ్డును పట్టుకునేది ఆ జిగటే. కానీ గడ్డకట్టే చలి తగిలితే అదే రబ్బరు గాజయిపోతుంది. అప్పుడు వంచినా, కింద పడేసినా లోపల సన్నగా పగులుతుంది. తర్వాత వెచ్చబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నవనవలాడుతుంది. పైకి ఏ గీతా కనిపించదు. ఆ పగులు బయటపడేది బండి పూర్తి వేగంలో ఉన్నప్పుడే.

అందుకే ఉన్నవి ఉన్నచోటే ఉంచి, వాటి చుట్టూ ఉన్న గాలిని మెల్లగా వెచ్చబరచాలి. వాటంతట అవి మెత్తబడే దాకా తాకకూడదు.

"డ్రైవర్ల విశ్రాంతి గదిలో నూనె హీటర్లు ఉన్నాయి. ఫ్యాన్ లేనివి," అంది టైరమ్మ. "వాటిని పట్టుకురండి. తలుపు పక్కన ఒకటి, లోపలి మూల ఒకటి. టైర్లకి మరీ దగ్గరగా వద్దు. మధ్యాహ్నానికి నా టైర్లు నాకు దక్కుతాయి."

అత్తగారు కోడలి వంక ఓ క్షణం చూసింది. "దక్కకపోతే?"

"దక్కుతాయి అత్తయ్యా."

"సరే, తెండి," అని అత్తగారు తూనీగ మీదా, లారీ డ్రైవరు మీదా విరుచుకుపడింది. "ఇంకా చూస్తారేం? పెళ్లిచూపులా?"

* * *

హీటర్లు పెట్టాక లారీలో లైట్లన్నీ వేశారు. ఇరుకైన ఆ గదిలో రెండు గోడల వెంట టైర్ల దొంతరలు. నాలుగేసి టైర్లు ఒకదాని మీద ఒకటి. మధ్యలో నడవడానికి సన్నని దారి. చివర పనిబల్ల. దాని పక్కన కొక్కేనికి తూనీగ హెల్మెట్ వేలాడుతోంది. నూనె హీటర్లు వేడెక్కుతూ టిక్కు టిక్కుమంటున్నాయి.

జట్టులో నాలుగో మనిషి లారీ డ్రైవరు. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. టీ తెచ్చి బల్ల మీద పెట్టాడాయన. తూనీగ గ్లాసు అందుకోబోతే చెయ్యి అంచుకి తగిలింది. టీ అంతా బల్ల మీద పారింది.

"రేసు ముందు వణుకు వదినా," అని నవ్వాడు.

"నీకు వణుకేంట్రా? కొండ అంచున నిద్రపోయే రకం నువ్వు," అంది టైరమ్మ, గుడ్డ అతని మీదికి విసురుతూ. గుడ్డ అతని ఎడమ భుజానికి తగిలి కింద పడింది. పట్టుకోలేదతను. వంగి తీసి తుడిచాడు.

అత్తగారు బాబాయ్ ముందుకొచ్చి నిలబడింది. "ఏమయ్యా, లారీ తోలుకొచ్చింది నువ్వు. తాళం వేసింది నువ్వు. పక్క క్యాబిన్‌లో పడుకుందీ నువ్వే. ఆ ప్లగ్గు పీకిందెవరో కూడా నువ్వే చెప్పు."

బాబాయ్ మెడలోని మఫ్లరు ఒకసారి విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నేనే అమ్మగారూ."

"నువ్వా?" అత్తగారి చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి.

"నేనే. దొంగతనంగా కాదు. వైరు ఎంత శుభ్రంగా చుట్టి పెట్టానో చూశారుగా." ఆయన టైరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ హీటరు ఫ్యాను మోటారు చిటపటమంటోంది. నిప్పురవ్వలు కూడా కనిపించాయి. పిడుగు పడ్డాక వస్తుందే, ఆ వాసన వచ్చింది. నువ్వే కదా చెప్పావు, మోటారు రవ్వల్లోంచి ఓజోన్ పుడుతుంది, అది రబ్బర్ని చెదపురుగులా తినేస్తుందని? టైర్లున్న చోట వెల్డింగు కూడా చెయ్యనివ్వవు కదా నువ్వు. నాకు భయమేసింది. పీకేశాను."

మోటారు పక్కన టైర్లు పెట్టాడని ఒకసారి ఇదే బాబాయ్‌ని ఆమె నలుగురి ముందు చెడామడా తిట్టింది. ఆయనకి అది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఓజోన్ తినడానికి నెలలు పడుతుంది బాబాయ్. చలికి ఒక్క రాత్రి చాలు."

"నెలలని నువ్వు చెప్పలేదమ్మా. తినేస్తుందని మాత్రమే చెప్పావు."

"చెప్పలేదు," అని ఒప్పుకుంది టైరమ్మ. "కానీ నన్ను లేపి అడగాల్సింది."

"మొన్న టైర్ల గురించి అడగడానికి లేపితే చెప్పు విసిరావు."

తూనీగ పకపకా నవ్వాడు. అత్తగారికి కూడా నవ్వొచ్చి ఆపుకుంది. బరువు దిగినట్టయింది అందరికీ. ఈసారి శత్రువు లేడు, కుట్ర లేదు. ఉన్నది బాబాయ్ అతిజాగ్రత్త ఒక్కటే. టైర్లు చల్లబడ్డాయి గానీ వాటి జోలికి ఎవరూ పోలేదు. మెల్లగా వెచ్చబడితే అవి మళ్లీ కొత్తవే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం," అని అత్తగారు వెనక్కి తిరిగింది. "పదండి, పనులు చూసుకుందాం."

"ఆగండి అత్తయ్యా," అంది టైరమ్మ.

ఆమె చూపు తలుపు పక్కనున్న దొంతర మీద ఆగిపోయింది.

* * *

ఆమెకో అలవాటుంది. టైర్లు పేర్చడం అయ్యాక దొంతరకి కింద నుంచి పై దాకా ఒకే సుద్దగీత గీస్తుంది. నాలుగు టైర్ల మీదుగా తిన్నగా సాగే గీత. ఎవరు ఏ టైరు కదిపినా గీత విరిగిపోతుంది. ఈ గీతల సంగతి ఈ లారీలో ఉన్న నలుగురికి తప్ప బయట ఎవరికీ తెలీదు.

తలుపు పక్కన దొంతరలో పై టైరు మీద గీత లేదు. చేత్తో తాకకుండా చుట్టూ తిరిగి చూసింది. గీత గోడ వైపుకి తిరిగి ఉంది.

"దీన్ని ఎవరో ఎత్తి, మళ్లీ పెట్టారు," అంది. "బాబాయ్?"

"ప్లగ్గు తప్ప నేనేదీ ముట్టుకోలేదమ్మా. నా మనవరాలి మీద ఒట్టు."

అత్తగారు గొంతు సవరించుకుంది. ఆవిడ గొంతు సవరించుకోవడం టైరమ్మ ఇదివరకు ఎప్పుడూ వినలేదు.

"అది నేనే."

"అత్తయ్యా!"

"ఏంటా అరుపు? నేను బండి నడిపే రోజుల నుంచీ అంతే. రేసు రోజు పొద్దున్నే లేచి ఒక్క టైరు ఎత్తి నేల మీద పడేసి దాని చప్పుడు వింటాను. ధబ్బుమంటే ఆ రోజు మనదే. ఇన్నేళ్లలో మానలేదు."

"చీకట్లో వచ్చారా?"

"చప్పుడు వినడానికి దీపమెందుకు? తాళంచెవులు మనందరి దగ్గరా ఉన్నాయిగా."

"విన్నారుగా. ఏమంది?"

"ఠంగుమంది. మట్టికుండ లాగ. కొత్త రకం రబ్బరేమో అనుకున్నా."

"రాయిలా ఉన్న టైరు! నడుమెత్తు నుంచి!"

"నడుము కాదు, భుజం ఎత్తు. నా భుజాలింకా గట్టివే."

టైరమ్మ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. కళ్లు తెరిచేసరికి ఆమె గొంతు మళ్లీ మామూలైపోయింది. "అది ఇక టైరు కాదు అత్తయ్యా. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ నా బండికి ఎక్కదు."

"బాగానే ఉంటే పరీక్ష చేసి..."

"ఎక్కదు."

ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. జట్టులో అత్తగారి మాటకి ఎదురుచెప్పే మనిషి ఒక్కతే. ఆమెను ఏరికోరి ఈ ఇంటికి తెచ్చుకుంది కూడా అత్తగారే.

"ఎక్కదు," అని అత్తగారే తల దించింది. "తప్పు నాది. తిలా పాపం తలా పిడికెడు. బాబాయ్ పిడికెడు, నా పిడికెడు. నెలలని చెప్పని నీ తిట్లది ఇంకో పిడికెడు. అది ప్రాక్టీసు సెట్టులోది కదా? రేసు సెట్టు క్షేమమేగా?"

రేసు సెట్టు రెండో దొంతర. టైరమ్మ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గీత తిన్నగానే ఉన్నట్టుంది. కింద ముందు కుడి చక్రానిది, దాని మీద ముందు ఎడమ, ఆపైన వెనక కుడి, అన్నిటికన్నా పైన వెనక ఎడమ. ఆమె చూపు గీత వెంట పైకి పాకి, చివరి టైరు దగ్గర నిలిచిపోయింది.

కింది మూడు టైర్ల మీద గీత దళసరిగా, తెల్లగా రబ్బరులోకి దిగి ఉంది. వెచ్చని రబ్బరు సుద్దని అలాగే తాగేస్తుంది. పై టైరు మీద గీత సన్నగా, చుక్కలు చుక్కలుగా, పలక మీద గీసినట్టు ఉంది. ఇది గడ్డకట్టిన రబ్బరు మీద గీసిన గీత. పైగా కింది గీతకి వేలెడు పక్కన ఉంది. ఎవరో టైరు తీశారు, చేతులు తగిలి పాత గీత చెరిగిపోతే కొత్తది గీశారు. ఎంత జాగ్రత్తగా గీశారో తెలుస్తూనే ఉంది. అయినా గురి తప్పింది.

అత్తగారికి గీతల పట్టింపు లేదు. బాబాయ్ మనవరాలి మీద ఒట్టేశాడు.

ఆమె రబ్బరు మీద బొటనవేలు ఆనించింది. మెత్తబడుతోంది. వెచ్చని గాలి పైకే చేరుతుంది కాబట్టి పై టైరు ముందు మెత్తబడింది. అంచు కింది నుంచి వేళ్లు లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తడిమింది. ఒకచోట వేలికి సన్నని గాటు తగిలింది. చలికి వచ్చిన పగులైతే వంకరటింకరగా పోతుంది. ఇది తిన్నగా ఉంది.

కత్తి.

ఆమె చెయ్యి బయటికి తీసి, ప్యాంటుకు తుడుచుకుని లేచింది. మొహంలో ఏ మార్పూ రానివ్వలేదు. మనసు మాత్రం చకచకా లెక్క వేస్తోంది. ఆ గాటు లోతుది కాదు. బరువు పడని చక్రానికైతే గాలి మెల్లగా దిగుతుంది. బండి నెమ్మదించి పక్కకి ఆగిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఈ ట్రాక్‌లో పెద్ద మలుపులన్నీ ఎడమకే. బండి బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. వెనక ఎడమ చక్రం అన్నిటికన్నా తేలిక.

కోసిన వాడికి ఈ ట్రాక్ తెలుసు. బండిని ఆపాలనుకున్నాడు గానీ చంపాలనుకోలేదు.

"రేసు సెట్టు బాగానే ఉంది," అంది టైరమ్మ గట్టిగా. "ఒక్క మార్పు. వెనక ఎడమ టైరు మిగతా వాటికన్నా ముందు వెచ్చబడింది. దాన్ని ముందు కుడికి వేద్దాం. మొదటి మలుపులోనే పట్టు దొరుకుతుంది."

"నాలుగూ ఒకే కొలతేగా, వేసెయ్," అంది అత్తగారు.

బాబాయ్ చేతులు రుద్దుకుంటూ ముందుకు వచ్చాడు. "ఎత్తమంటావా అమ్మా?"

"వద్దు!"

ఆ మాట పనిబల్ల దగ్గర నుంచి వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అనేశాక తూనీగ చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగింది.

టైరమ్మ మెల్లగా అతని వైపు తిరిగింది. "ఏం?"

"ఊరికే. సెట్టు మార్చడం ఎందుకని. ముందు కుడికి ముందు కుడిదే ఉంటే..."

"ముందు కుడికి వద్దు. మరి వెనక ఎడమకైతే ఫర్వాలేదా?"

తూనీగ మొహంలో రక్తం దిగిపోయింది.

అత్తగారు కోడల్ని చూసింది, కొడుకుని చూసింది. ఏళ్ల తరబడి మలుపులు చదివిన కళ్లు అవి. ఆవిడకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. "కంచే చేను మేసిందన్న మాట," అంది చాలా నెమ్మదిగా. "బ్రేకు గొట్టం?"

"పెడల్ తొక్కగానే తెలిసిపోతుందనుకున్నానమ్మా. బండి షెడ్డు దాటదనుకున్నా." అతను వదిన వైపు తిరిగాడు. "ఆ రోజు ఎక్కాల్సింది నేను. అన్నయ్య ఎక్కుతాడని నాకు తెలీదు. వదినా, నిజంగా తెలీదు."

టైరమ్మకి ఆసుపత్రి మంచం మీద కట్టు కట్టిన కాలు కళ్ల ముందు మెదిలింది. పిడికిలి బిగుసుకుంది. కొట్టాలనిపించింది. కొట్టలేదు.

"ఎవరు చేయించార్రా?" అత్తగారు అడిగింది.

"ఎవరూ కాదు."

"మరెందుకు?"

తూనీగ ఇక అక్కడ ఉండలేనన్నట్టు కొక్కేనికున్న హెల్మెట్ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి బెత్తెడు ఇవతలే ఆగి, గాలిని పట్టుకుంది. మళ్లీ చాపాడు. ఈసారి వేళ్లు గోడకి తగిలాయి.

ఒలికిన టీ. భుజానికి తగిలి పడిపోయిన గుడ్డ. వేలెడు పక్కకి పోయిన గీత. టైరమ్మకి లెక్క కుదిరింది.

అత్తగారు ఏమీ మాట్లాడకుండా కొడుకు ఎడమ పక్కకి నడిచింది. అరచెయ్యి ఎత్తి అతని ఎడమ కంటికి దాదాపు ఆనించినంత దగ్గరగా విసిరింది. తూనీగ రెప్ప కూడా వెయ్యలేదు.

"ఈ కన్ను ఎప్పటి నుంచి?"

"సీజను మొదలయ్యాక." అతను నేల చూశాడు. "చెబితే ఇంకెప్పుడూ ఎక్కనివ్వరు కదమ్మా. నడపలేను. నడపలేనని చెప్పనూ లేను. బండి ఆగిపోతే చాలనుకున్నా."

బయట లౌడ్‌స్పీకరు గరగరలాడింది. బండ్లన్నీ మధ్యాహ్నానికి వరసలోకి రావాలని, డ్రైవర్లు సిద్ధం కావాలని పిలుస్తోంది.

అత్తగారు కొడుకు చెంప మీద చెయ్యి వేసింది. కొట్టడానికి కాదు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉంది. తర్వాత ఆవిడ కొక్కేనికున్న హెల్మెట్‌ని మొదటిసారికే అందుకుని, లోపలి మెత్తని పొరని బొటనవేలితో నొక్కి చూసింది.

"అమ్మాయ్, వెనక ఎడమకి మంచి టైరు చూడు," అంది కోడలితో. హెల్మెట్ చంకలో పెట్టుకుని తలుపు వైపు నడిచింది.

"అమ్మగారూ," బాబాయ్ వెనకాలే రెండడుగులు వేశాడు. "ఎవరు నడుపుతారు?"

"రెండో డ్రైవరు పేరు దేనికి రాయిస్తామయ్యా, అలంకారానికా?" మెట్టు దిగుతూ ఆవిడ వెనక్కి చూసింది. "వెళ్లి సీటు రెండు వేళ్లు ముందుకి జరుపు."